పసుపు దీపం వెలిగితే: కారు రాసుకున్న కోడ్‌ను మీరే చదవడం ఎలా

సాలూరు దాటి సుంకి ఘాటు ఎక్కుతున్నారు. ఒక మలుపు తిరిగేసరికి స్పీడోమీటరు పక్కన ఇంజిన్ బొమ్మతో పసుపు దీపం వెలిగింది. కారు మాత్రం మామూలుగానే పోతోంది. వెనక సీట్లోంచి అమ్మ "ఏమైందిరా?" అంటుంది. మీరు "ఏమీ లేదమ్మా" అంటారు. ఆ మాట నిజమో కాదో మీకూ తెలియదు. తెలుసుకోవడానికి పది నిమిషాలు, అరచేతిలో పట్టే ఒక పరికరం, మీ ఫోను చాలు. ఒడిశాలోని రాయగడలో పదేళ్లుగా కారు నడుపుతూ, తప్పులు చేస్తూ నేర్చుకున్న పద్ధతి ఇది. నేను మెకానిక్‌ను కాను. మెకానిక్ దగ్గరికి వట్టి చేతులతో వెళ్లకూడదని మాత్రం నేర్చుకున్నాను.

ముందుగా దీపాన్ని చూడండి

నిలకడగా వెలుగుతోందా, ఆగి ఆగి వెలుగుతోందా? నిలకడగా ఉండి, పికప్‌లోనూ శబ్దంలోనూ తేడా లేకపోతే నెమ్మదిగా ఊరు చేరుకోవచ్చు, ఆ సాయంత్రమో మర్నాడో చూసుకోవచ్చు. మిణుకుమిణుకుమంటుంటే మాత్రం ఇంజిన్ గట్టిగా మిస్సింగ్ అవుతోందని అర్థం. సిలిండర్లో కాలకుండా మిగిలిన పెట్రోలు సైలెన్సర్ దారిలోకి పోయి, అక్కడ పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండుతుంది. అది పాడైతే ఖర్చు మామూలుగా ఉండదు. యాక్సిలరేటర్ మీద కాలు తేలిక చేసి, వెనక లారీవాడికి మీరు కనపడే విశాలమైన చోట పక్కకు ఆపండి.

ఎరుపు దీపాల సంగతి వేరు. ఆయిల్ డబ్బా బొమ్మో, నీళ్లలో థర్మామీటరు బొమ్మో ఎర్రగా వెలిగితే కోడ్ చదవడం తర్వాత. కారు పక్కకు తీసి వెంటనే ఇంజిన్ ఆపేయండి. వేడిగా ఉన్న రేడియేటర్ మూత విప్పకండి.

కోడ్ అంటే తీర్పు కాదు

ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌కు సెన్సార్ల నుంచి నిరంతరం కబుర్లు అందుతుంటాయి. నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయి, గాలి ఎంత వస్తోంది, పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలింది, ఇలాంటివి. ఏ కబురైనా ఉండాల్సిన హద్దు దాటితే అది ఒక నంబరు రాసుకుంటుంది. పోలీసు స్టేషనులో ఫిర్యాదు రాసుకోవడం లాంటిదే ఇది. ఎక్కడ, ఎప్పుడు, ఏమి తేడాగా కనిపించిందో అందులో ఉంటుంది. దొంగ ఎవరో ఉండదు. ఈ ఒక్క సంగతి మరిచిపోయి మంచి సెన్సార్లను తీసి పారేసినవాళ్లు మన చుట్టూ చాలామంది ఉన్నారు. నేనూ ఒకసారి అంచు దాకా వెళ్లాను. అది కాసేపట్లో చెబుతాను.

మీ కారులో ఈ వసతి ఉందా?

కారు తన లోపాలను తానే పట్టి కోడ్‌గా రాసుకునే ఈ ఏర్పాటును ఓబీడీ అంటారు. మన దేశంలో కార్లకు పూర్తి స్థాయి ఓబీడీ-2 నిబంధన 2013 ఏప్రిల్ నుంచి భారత్ స్టేజ్ 4 (పొగ కాలుష్యానికి హద్దులు పెట్టే ప్రమాణం) బండ్లకు వచ్చింది. ఇక్కడొక మెలిక ఉంది. స్టేజ్ 4 నిబంధన 2010లో మొదట పెద్ద నగరాలకే వచ్చింది, దేశమంతటికీ వచ్చింది 2017 ఏప్రిల్‌లో. అందుకని 2013కూ 2017కూ మధ్య రాయగడలోనో కొరాపుట్‌లోనో కొన్న కారు ఏ రకమో సంవత్సరం చూసి చెప్పలేం. బానెట్ లోపలి స్టిక్కరు, కారుతో వచ్చిన పుస్తకం చూడాలి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన స్టేజ్ 6 కార్లయితే అనుమానమే అక్కర్లేదు.

సాకెట్ ఉన్నంత మాత్రాన ఫోను దానితో మాట్లాడుతుందని కూడా కాదు. పాత కార్లలో అదే ఆకారపు సాకెట్‌లో కంపెనీ సొంత భాష నడిచిన సందర్భాలున్నాయి. విద్యుత్ కార్లలోనూ మామూలు ఆప్‌కు దొరికేది తక్కువే.

ఏమి కొనాలి

ఆన్‌లైన్‌లో ఇఎల్ఎమ్327 అని వెతికితే అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దవైన అడాప్టర్లు వస్తాయి. ఆండ్రాయిడ్ ఫోను ఉంటే బ్లూటూత్‌ది తీసుకోండి. ఐఫోను ఉంటే వైఫైదో, బ్లూటూత్ తక్కువ శక్తి రకానిదో కావాలి, పాత రకం బ్లూటూత్ అడాప్టర్ ఐఫోనుతో కలవదు. మరీ చవక నకళ్లతో ఒక చిక్కుంది. కొత్త కార్లతో మాట్లాడి, పాత కార్ల దగ్గర మూగబోతాయి. కొనేముందు మీ మోడల్ కారు ఉన్నవాళ్లు ఏమన్నారో సమీక్షల్లో చూడండి. తిరిగి ఇచ్చే వీలున్న చోట కొనండి.

ఫోనులో టార్క్, కార్ స్కానర్ లాంటి ఆప్ ఒకటి చాలు. దాన్ని ఇంట్లోనే దించుకుని, ఒకసారి కారుతో కలిపి చూసుకోండి. ఘాటులో సిగ్నల్ ఎప్పుడు పోతుందో మనకు కొత్తగా చెప్పాలా? అక్కడ నిలబడి ఆప్ దించుకుందామంటే జరగదు.

సాకెట్ వెతకడం

డ్రైవర్ సీట్లో కూర్చుని, మోకాళ్ల పైన డాష్‌బోర్డు కింది అంచు వెంట చేత్తో తడమండి. స్టీరింగ్‌కు దగ్గర్లోనే, క్లచ్ పెడల్ పైనో, ఫ్యూజు పెట్టె పక్కనో, కొన్నింట్లో చిన్న ప్లాస్టిక్ మూత వెనకో ఉంటుంది. పైన వెడల్పుగా, కింద కాస్త సన్నగా ఉండే నల్లని లేదా తెల్లని సాకెట్, రెండు వరుసల్లో మొత్తం 16 పిన్‌ల చోటు. అన్నిట్లోనూ లోహం కనపడదు, దానికి కంగారు వద్దు. 4, 5 ఎర్తు. 16 బ్యాటరీ నుంచి నేరుగా వచ్చే కరెంటు. 6, 14 పిన్‌లు ఉంటే కారులోని కంప్యూటర్లు మాట్లాడుకునే కొత్త రకం పద్ధతి, క్యాన్ వ్యవస్థ. 7 మాత్రమే ఉంటే పాత రకం, అది కలవడానికి కొన్ని సెకన్లు ఎక్కువ తీసుకుంటుంది. మొదటిసారి టార్చి వేసుకుని చూడండి. ఒకసారి చోటు తెలిశాక చీకట్లోనూ చేయి దానంతటదే పోతుంది.

ఇక కలపండి

ఇంజిన్ ఆపి, ఇగ్నిషన్ పూర్తిగా ఆఫ్ చేసి అడాప్టర్ గుచ్చండి. ఒకే వైపుగా పడుతుంది, బలవంతం చేయకండి. తర్వాత తాళం తిప్పి డాష్‌బోర్డు దీపాలన్నీ వెలిగే దగ్గర ఆపండి, సెల్ఫ్ కొట్టవద్దు. బటన్ కార్లయితే క్లచ్చో బ్రేకో తొక్కకుండా రెండుసార్లు నొక్కితే చాలావాటిలో ఆ స్థితి వస్తుంది. ఈ సమయంలో ఇంజిన్ దీపం వెలగాలి, వెలిగితే బల్బు బాగున్నట్టు. ఎవరైనా పాత కారు అమ్మజూపినప్పుడు ఇది తప్పక చూడండి. ఇగ్నిషన్ వేసినా ఆ దీపం అసలు వెలగకపోతే, ఎవరో దాని నోరు నొక్కేసి ఉండవచ్చు.

ఫోనులో బ్లూటూత్ తెరిచి అడాప్టర్‌ను జత చేయండి. సంకేత సంఖ్య అడిగితే ఎక్కువవాటికి 1234 లేదా 0000 సరిపోతుంది. ఆప్ తెరిచి, అమరికల్లో ఆ అడాప్టర్‌ను ఎంచుకుని, కనెక్ట్ నొక్కండి. కలవకపోతే ఈ వరుసలో చూడండి: అడాప్టర్ మీద చిన్న దీపం వెలిగిందా? వెలగకపోతే సాకెట్‌కు కరెంటు లేదు. చాలా కార్లలో ఆ ఫ్యూజు, సిగరెట్ లైటర్ సాకెట్ ఫ్యూజు ఒకటే, కాబట్టి ఫోను చార్జింగ్ కూడా అవడం లేదేమో చూడండి. దీపం వెలిగీ కలవకపోతే ఆప్‌లో ప్రోటోకాల్‌ను, అంటే కారుతో మాట్లాడే భాషను, ఆటోమేటిక్‌లో ఉంచి మరోసారి ప్రయత్నించండి. అప్పటికీ లేదంటే అడాప్టర్‌ను ఇంకొకరి కారులో పెట్టి చూడటమే.

కోడ్ దొరికింది. తొందరపడకండి

తెరమీద ఒక ఆంగ్ల అక్షరం, నాలుగు అంకెలు కనిపిస్తాయి. మొదట చేయాల్సిన పని దాన్ని కాగితం మీద రాసుకోవడం, లేదా తెరను ఫొటోగా దాచుకోవడం. "క్లియర్" బటన్ వైపు వేలు పోనివ్వకండి. అది ఆఖరి పని.

అక్షరం ఏ విభాగమో చెబుతుంది. పి అంటే ఇంజిన్, గేరుబాక్సు. సి అంటే బ్రేకులు, స్టీరింగ్ వగైరా. బి అంటే బాడీ, ఎయిర్‌బ్యాగులు. యు అంటే కంప్యూటర్ల మధ్య మాటలు తెగాయని. తర్వాతి అంకె 0 అయితే అన్ని కంపెనీలకూ ఒకే అర్థం, 1 అయితే ఆ కంపెనీ సొంతం. 1తో మొదలైన కోడ్‌కు అర్థం వెతికేటప్పుడు మీ కారు కంపెనీ పేరు కలిపి వెతకాలి, లేకపోతే ఎవరి జాతకమో చదివినట్టవుతుంది. మూడో స్థానంలో 1, 2 ఉంటే గాలీ ఇంధనం లెక్క, 3 అయితే మంట లేదా మిస్సింగ్, 4 పొగ నియంత్రణ, 5 వేగం, ఐడ్లింగ్, 6 కంప్యూటర్, 7 గేరుబాక్సు.

ఈ నంబర్లతో ఇక్కడ మనకో అదనపు లాభం ఉంది. రాయగడ షెడ్లలో మిస్త్రీ ఒడియాలో మాట్లాడతాడు, మనకు వచ్చిన ఒడియా కూరగాయల బజారుకు సరిపోతుంది కానీ ఇంజిన్‌కు సరిపోదు. పార్వతీపురం వెళితే తెలుగు, జగదల్‌పుర్ వెళితే హిందీ. పి0301 మాత్రం మూడు చోట్లా పి0301 గానే ఉంటుంది.

కోడ్ పక్కన "పెండింగ్" అని ఉందా, "స్టోర్డ్" లేదా "కన్ఫర్మ్‌డ్" అని ఉందా చూడండి. చాలా లోపాల విషయంలో కంప్యూటర్ ఒక్కసారి చూసి నమ్మదు. మొదటి ప్రయాణంలో కనపడితే పెండింగ్‌లో పెట్టుకుంటుంది, తర్వాతి ప్రయాణంలోనూ కనపడితేనే దీపం వెలిగిస్తుంది. అందుకే దీపం లేకపోయినా నెలకోసారి పెండింగ్ జాబితా చూసే అలవాటు మంచిది.

తర్వాత "ఫ్రీజ్ ఫ్రేమ్" తెరవండి. చాలామంది దీన్ని ముట్టుకోరు, నాకైతే కోడ్ కంటే ఇదే ఎక్కువ పనికొచ్చింది. లోపం పట్టుబడిన క్షణాన వేగం ఎంత, ఇంజిన్ ఎన్ని తిప్పుల్లో (ఆర్‌పీఎం) ఉంది, నీళ్ల వేడి ఎంత, లోడు ఎంత అనే లెక్కలన్నీ అందులో నిలిచిపోయి ఉంటాయి. వేగం సున్నా, నీళ్లు 30 డిగ్రీలు అని ఉంటే పొద్దున్నే బండి తీసినప్పుడు వచ్చిన లోపం. వేగం 35, లోడు 90 శాతం అంటే ఘాటు ఎక్కేటప్పుడు వచ్చింది. ఒకే కోడ్ అయినా రెండింటికీ వెతకాల్సిన చోట్లు వేరు.

నా పి0113 కథ

రెండేళ్ల కిందట వానల ముందు మా కారుకు సర్వీసింగ్ చేయించాను. మర్నాడు సాయంత్రం మజ్జిగౌరమ్మ గుడి నుంచి తిరిగి వస్తుంటే దీపం వెలిగింది. దారిలో ఒక షెడ్డులో చూపిస్తే తన స్కానర్ పెట్టి, "గాలి వేడి సెన్సార్ పోయింది సార్, తెప్పించాలి" అన్నాడు. అబద్ధం చెప్పలేదు పాపం, తెరమీద అలాగే ఉంది. పి0113కు అర్థం, లోపలికి వచ్చే గాలి ఉష్ణోగ్రత సెన్సార్ తీగలో వోల్టేజి ఎక్కువగా ఉందని. నేను డబ్బు ఇవ్వబోయి, ఇంటికి వెళ్లి ఆలోచిస్తానని వచ్చేశాను.

ఇంటి దగ్గర నీడలో ఆపి, సెన్సార్ల అంకెలను అప్పటికప్పుడు చూపించే లైవ్ డేటా పేజీలో గాలి ఉష్ణోగ్రత తెరిచాను. మైనస్ 40 చూపించింది! రాయగడలో, జూన్‌లో! ఇలాంటి అంకె కనపడితే నవ్వుకుని ఊరుకోకండి, అదే ఆధారం. ఈ సెన్సార్ రెండు తీగల చిన్న నిరోధకం. చల్లగా ఉంటే నిరోధం పెరుగుతుంది, వేడెక్కితే తగ్గుతుంది. తీగ ఊడిపోతే నిరోధం అనంతం, కంప్యూటర్ దాన్ని అతి చల్లని గాలి అనుకుంటుంది, లెక్కలో అడుగు అంకె అయిన మైనస్ 40 రాసేస్తుంది. అంటే సెన్సార్ పోయి ఉండవచ్చు, తీగ తెగి ఉండవచ్చు, లేదా తీగలను సెన్సార్‌కు తగిలించే ప్లాస్టిక్ కప్లర్ ఊడి ఉండవచ్చు.

బానెట్ ఎత్తి చూస్తే గాలి ఫిల్టర్ డబ్బా పక్కన ఆ కప్లర్ కూర్చునే ఉంది, కానీ వేలితో తాకితే కదిలింది. ఫిల్టర్ మార్చినప్పుడు తీసి, తిరిగి పెట్టి, టక్కుమనే దాకా నొక్కలేదు. నొక్కాను. ఫోనులో అంకె మైనస్ 40 నుంచి 38కి వచ్చింది. సెన్సార్ ఖర్చు సున్నా.

కప్లర్ సరిగ్గానే ఉండి అంకె ఇంకా మైనస్ 40లో ఉంటే ఇంకో పరీక్ష ఉంది. ఇగ్నిషన్ ఆఫ్ చేసి కప్లర్ ఊడదీసి, వైరింగ్ వైపున్న రెండు పిన్‌లను చిన్న తీగముక్కతో కలిపి, ఇగ్నిషన్ వేయండి. అంకె ఒక్కసారిగా 100 దాటితే తీగలూ కంప్యూటర్ బాగున్నట్టే, సెన్సార్ మార్చండి. మారకపోతే తీగ ఎక్కడో తెగింది. ఈ పరీక్ష రెండు తీగల ఉష్ణోగ్రత సెన్సార్లకు మాత్రమే. మూడు, నాలుగు తీగలున్న వాటి దగ్గరా, ఇంకే కప్లర్ దగ్గరా తీగముక్కతో ఆడుకోకండి.

లైవ్ డేటాతో చేతులు తిరగనివ్వండి

కారు బాగున్న రోజునే దాని మామూలు అంకెలు రాసి పెట్టుకోండి. ఒళ్లు బాగున్నప్పటి రక్తపోటు తెలిస్తేనే జ్వరం వచ్చినప్పుడు తేడా తెలుస్తుంది. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ 12.4 నుంచి 12.6 వోల్టుల మధ్య, నడుస్తున్నప్పుడు సుమారు 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే మామూలు. స్మార్ట్ చార్జింగ్ ఉన్న కొత్త కార్లలో ఇది కాస్త అటూ ఇటూ తిరుగుతుంది. వేడెక్కిన ఇంజిన్‌లో నీళ్లు ఎక్కువ కార్లలో 85, 100 డిగ్రీల మధ్య ఉంటాయి.

మన కొండల్లో ఉన్నవాళ్లకు ఒక తమాషా చెబుతాను. ఇగ్నిషన్ వేసి, ఇంజిన్ నడపకుండా మ్యానిఫోల్డ్ ఒత్తిడి, అంటే ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టాల్లోని ఒత్తిడి, చూడండి. ఆ క్షణాన అది బయటి గాలి ఒత్తిడే. విశాఖ సముద్రపు ఒడ్డున దాదాపు 101 కిలోపాస్కల్ ఉంటుంది. కొరాపుట్ ఊరు సముద్ర మట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి అక్కడ 91 దగ్గర చూపించాలి. ఈ సంగతి తెలియని ఒకాయన తన కారు 91 చూపించిందని సెన్సార్ మార్పించుకోబోయాడు. తగ్గింది సెన్సార్ కాదు, గాలే. ఘాటు ఎక్కాక టర్బో లేని చిన్న పెట్రోలు కారు కొంచెం బరువుగా లాగడానికి కారణమూ అదే. అదే మీరు కొరాపుట్‌లో ఉండగా 101 చూపిస్తే, లేదా సముద్రపు ఒడ్డున 80 చూపిస్తే అప్పుడు అనుమానించండి.

మిస్సింగ్ కోడ్‌లు

పి0300 అంటే ఏ సిలిండరో తేలకుండా మిస్సింగ్. పి0301 అంటే మొదటి సిలిండర్, పి0302 రెండోది, అలా. పెట్రోలు కార్లలో ఇక్కడ నిప్పురవ్వ పుట్టించే ప్లగ్, దానికి కరెంటు ఇచ్చే కాయిల్, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ ముగ్గురూ అనుమానితులే. సిలిండర్‌కు ఒక కాయిల్ ఉన్న కార్లలో చేతికి మట్టి తప్ప ఖర్చు లేని పరీక్ష ఒకటుంది.

గుణుపురంలో ఉండే మా తోడల్లుడి కారుకు వానాకాలంలో పి0301 వచ్చింది. ఇంజిన్ చల్లారాక, ఇగ్నిషన్ ఆఫ్ చేసి, ఒకటో సిలిండర్ కాయిల్‌ను తీసి మూడోదాని చోట, మూడోదాన్ని ఒకటో చోట పెట్టాం. కోడ్ తుడిచి, ఊరి బయట వంశధార వంతెన దాకా ఒక చుట్టు వేసి వచ్చి మళ్లీ చదివాం. ఈసారి పి0303. లోపం కాయిల్‌తో పాటు నడిచి వెళ్లింది, అంటే కాయిలే దోషి. అక్కడే ఉండిపోయి మళ్లీ పి0301 వచ్చి ఉంటే కాయిల్ నిర్దోషి అయ్యేది. అప్పుడు ఇదే పద్ధతిలో ప్లగ్‌లు మార్చి చూసేవాళ్లం. దానికీ కదలకపోతే ఇంజెక్టర్, ఆ తర్వాత కంప్రెషన్, అంటే సిలిండర్లో గాలిని నొక్కిపట్టే బిగువు. కంప్రెషన్ దగ్గరికి వచ్చాక మాత్రం షెడ్డుకు పోవాల్సిందే. కాయిల్ తీసేటప్పుడు కప్లర్ తాళాన్ని గట్టిగా లాగకండి. పాత కార్లలో వేడికి పెళుసెక్కి పుటుక్కున విరుగుతుంది, మా తోడల్లుడిది విరిగింది కూడా.

మరికొన్ని, త్వరత్వరగా

పి0171 అంటే గాలి ఎక్కువ, ఇంధనం తక్కువ. లైవ్ డేటాలో ఫ్యూయల్ ట్రిమ్, అంటే ఇంధన సవరణ అంకెలు చూడండి. ప్లస్ 10 శాతం దాటి నిలబడితే కంప్యూటర్ ఇంధనం అదనంగా పోస్తూ సరిపెడుతోందని. ఐడ్లింగ్‌లో ఎక్కువగా ఉండి, రేస్ చేసి 2500 తిప్పుల దగ్గర నిలిపితే తగ్గిపోతే ఎక్కడో రబ్బరు గొట్టం చిట్లి దొంగగాలి లోపలికి పోతోంది, బుస్సుమనే శబ్దం కోసం చెవి పెట్టండి. లోడు పెరిగేకొద్దీ ట్రిమ్ కూడా పెరిగితే ఇంధన ఫిల్టర్, పంపు వైపు చూడండి.

పి0420 క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగా పనిచేయడం లేదంటుంది. అది ఖరీదైన భాగం. కొనేముందు మిస్సింగ్ కోడ్‌లు లేవని, సైలెన్సర్ దారిలో ఎక్కడా పొగ కారడం లేదని తేల్చుకోండి.

పి0128 అంటే ఇంజిన్ వేడెక్కడానికి ఎక్కువసేపు పడుతోంది, ఎక్కువసార్లు రేడియేటర్‌కు నీళ్లు వదిలే థర్మోస్టాట్ తెరిచే ఉండిపోయినందుకే. సెమిలిగుడ, పొట్టంగి వైపు డిసెంబరు పొద్దుల్లో ఇది బయటపడుతుంది. ఘాటు దిగుతుంటే నీళ్ల వేడి 60లలోకి పడిపోతే అదే అని దాదాపు చెప్పేయవచ్చు. కూలెంట్ మట్టం కూడా చూసుకోండి.

స్టేజ్ 6 డీజిల్ ఉన్నవాళ్లకు పి2463. పొగ ఫిల్టర్‌లో మసి పేరుకుంది. ఇంటి నుంచి స్టేషనుకు, స్టేషను నుంచి బజారుకు తప్ప బండి తీయనివాళ్లకు ఇది తప్పదు. ఆ మసి కాలడానికి ఎగ్జాస్ట్ బాగా వేడెక్కాలి, అందుకు ఆగకుండా కొంతసేపు ఓ మాదిరి వేగంతో నడపాలి. ఎంతసేపు, ఏ వేగంలో అన్నది మీ కారు పుస్తకం చెబుతుంది. ఫిల్టర్ దీపం వెలగగానే ఆ పని చేయండి, వాయిదా వేస్తే షెడ్డులో యంత్రంతో కాల్పించాల్సి వస్తుంది.

ఇక సంబంధం లేని కోడ్‌లు ఐదారు ఒక్కసారిగా, వాటితో పాటు యు0100 లాంటివి కూడా వచ్చాయనుకోండి. ఐదారు భాగాలు ఒకే రాత్రి చావవు. బ్యాటరీ తీగల బిగువు, ఎర్తు బోల్టు చూడండి, ఆ తర్వాత ఎలుకలు. వరి కోతల తర్వాత పొలాల్లో తిండి అయిపోయి ఎలుకలు ఊళ్లోకి వస్తాయి, వెచ్చని బానెట్ వాటికి విడిది ఇల్లు. కొరికిన తీగ కంటే ముందు ఎలుక పెంటికలు, ఎండుగడ్డి కనిపిస్తాయి.

ఎక్కడ ఆగాలి

మామూలు అడాప్టర్, ఉచిత ఆప్‌లు ఇంజిన్ కోడ్‌లే చదువుతాయి. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ దీపాలు వెలిగితే "కోడ్‌లు లేవు" అని ఆప్ చెప్పినా నమ్మకండి, అది ఆ గదిలోకి వెళ్లనే లేదు. ఎయిర్‌బ్యాగుల పసుపు తీగలనూ, పసుపు కప్లర్లనూ తాకవద్దు, మల్టీమీటరు పెట్టవద్దు. అది పేలుడు పదార్థం. హైబ్రిడ్, విద్యుత్ కార్లలో నారింజ తీగలకూ ఇదే మాట.

కారు నడుపుతూ ఫోను చూడకండి. నడుస్తున్నప్పటి అంకెలు కావాలంటే ఆప్‌లో రికార్డు పెట్టి, ఇంటికొచ్చి చూసుకోండి, లేదా పక్క సీట్లోవాళ్లను చదవమనండి. మా ఇంట్లో ఆ పని మా అమ్మాయిది. "నాన్నా, తొంభై మూడు, తొంభై నాలుగు" అని ఘాటంతా క్రికెట్ వ్యాఖ్యానం చెప్పినట్టు చెబుతుంది.

కోడ్ తుడవడం

లోపం సరిచేశాకే తుడవాలి. తుడిస్తే ఫ్రీజ్ ఫ్రేమ్ పోతుంది, కంప్యూటర్ తన పరీక్షలన్నీ మొదటి నుంచి చేసుకోవాలి. చాలా కార్లలో నేర్చుకున్న ఇంధన సవరణలు కూడా పోయి, మొదటి రోజు ఐడ్లింగ్ కాస్త ఒడిదుడుకులుగా ఉండవచ్చు. నిజానికి తుడవకపోయినా నష్టం లేదు. లోపం నిజంగా పోతే వరసగా మూడు మంచి ప్రయాణాల తర్వాత దీపం దానంతటదే ఆరిపోతుంది, 40 సార్లు ఇంజిన్ వేడెక్కి చల్లారాక మామూలుగా కోడ్ కూడా చెరిగిపోతుంది. నేను కాయిల్ పరీక్ష లాంటి వాటికి తప్ప తుడవను.

పాత కారు కొనేటప్పుడు దీన్నే తిప్పి వాడుకోండి. ఆప్‌లో "రెడీనెస్" అనే పేజీ ఉంటుంది. కోడ్‌లు ఏమీ లేవు, కానీ పరీక్షల్లో ఎక్కువ భాగం "పూర్తి కాలేదు" అని ఉంటే, కోడ్‌లు ఈ మధ్యే తుడిచారు లేదా బ్యాటరీ తీశారు. ఎందుకని అమ్మేవారినే మర్యాదగా అడగండి. జవాబు కంటే ముఖం ఎక్కువ చెబుతుంది.

షెడ్డుకు వెళ్లేటప్పుడు

కాగితం మీద మూడు వాక్యాలు రాసుకోండి: కోడ్ నంబరు, ఫ్రీజ్ ఫ్రేమ్‌లోని వేగం, వేడి, లోడు, ఈ మధ్య బండికి చేయించిన పని. "ఈ సెన్సార్ మార్చండి" అని చెప్పకండి. అలా చెబితే మారుస్తారు, డబ్బు మీదే, బాధ్యతా మీదే. "ఈ కోడ్ వచ్చింది, ఎందుకొచ్చిందో చూసి చెప్పండి" అనండి. విప్పిన పాత భాగం తిరిగి ఇమ్మని ముందే చెప్పండి.

ఇంటికి వచ్చాక అడాప్టర్‌ను సాకెట్‌లో వదిలేయకండి, 16వ పిన్ నుంచి రాత్రంతా కరెంటు తీసుకుంటూనే ఉంటుంది. వారం ఊరెళితే బ్యాటరీ చప్పబడుతుంది. తీసి డాష్‌బోర్డు అరలో పెట్టండి. రెండు మూడు రోజులు మామూలుగా తిరిగాక, ఒక పొద్దున సెల్ఫ్ కొట్టకముందు మళ్లీ గుచ్చి, పెండింగ్ జాబితా తెరిచి చూడండి. అది ఖాళీగా ఉంటే ఈసారి అమ్మతో "ఏమీ లేదమ్మా" అని ధైర్యంగా అనవచ్చు.